విషయం: వాడిన నూనె పట్టుకెళ్లి రసీదు ఇవ్వకపోవడం, తరుగు పేరుతో తూకం కోయడం గురించి

మేనేజర్ గారికి,
వాడిన నూనె సేకరణ విభాగం

అయ్యా,

రాజమండ్రిలో మాది జంతికలు, చేగోడీలు, బూందీ వేసే హాట్స్ కొట్టు. రోజుకు 15 లీటర్ల నూనె డబ్బాలు నాలుగు పడతాయి. రెండేళ్లుగా మూకుట్లో మిగిలిన నూనె మీకే ఇస్తున్నాం. ఏప్రిల్ 22న, మే 13న, జూన్ 3న మీ బండి వచ్చింది. మూడుసార్లూ రసీదు లేదు. "బుక్కు అయిపోయింది సార్, వాట్సాప్‌లో పెడతాం" అన్నాడు మీ కుర్రాడు. ఇంతవరకూ ఏమీ రాలేదు. మీ ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ కంప్లైంట్ రాసుకున్నారు, అంతే.

జూన్ 3 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజు నాలుగు డబ్బాలు ముందే మా ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, ఖాళీ డబ్బాల బరువు తీసేసి చూసుకున్నాం. 54 కిలోల 600 గ్రాములు. మీవాడు అదంతా డ్రమ్ములో ఒంపేసుకుని చిన్న కాగితం ముక్క మీద 48 అని రాశాడు. ఇదేంటయ్యా అంటే "మడ్డికీ నీళ్లకీ తరుగు" అన్నాడు. డ్రమ్ములోకి తొంగి కూడా చూడలేదు.

మడ్డి, నీళ్లు ఉంటే మీ బయోడీజిల్ ప్లాంటుకి ఇబ్బందని నాకూ తెలుసు. మిథనాల్, కాస్టిక్ కలిపినప్పుడు పైన బయోడీజిల్, అడుగున గ్లిజరిన్ విడిపోవాలి, నీళ్లుంటే సబ్బు కడుతుంది అని మొదట్లో మీ సేల్స్ ఆయనే మా కొట్లో టీ తాగుతూ గంటసేపు చెప్పాడు. అది విన్నప్పటి నుంచి రోజూ రాత్రి నూనె ఆరాక పాత పంచెగుడ్డలో వడకట్టి, అడుగు మడ్డి వదిలేసి డబ్బాలకెత్తుతున్నాం. అయినా ఆరున్నర కిలోల తరుగా? ఉంటే చూపించి కోయండి, కాదనను.

డబ్బు సంగతి అటుంచండి. అసలు టెన్షన్ రసీదుతోనే. వాడిన నూనెలో టీపీసీ, అంటే కాగేకొద్దీ నూనెలో పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 జులై 1 నుంచి రూలు. రోజుకు 50 లీటర్లు దాటి నూనె వాడేవాళ్లు ఎంత పోశారు, ఎంత తీసేశారు, ఎవరికిచ్చారు అని రిజిస్టరు రాయాలని 2019 మార్చి 1 నుంచి ఇంకో రూలు. మా రిజిస్టర్లో ఆ మూడు తేదీల దగ్గర "ఎవరికిచ్చారు" గడిలో మీ పేరుంది, పక్కన రసీదు నంబరు లేదు. రేపు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే మీ కుర్రాడి వాట్సాప్ చూపించనా? వాడిన నూనెను బయోడీజిల్‌కి మళ్లించే రూకో పథకం పేరుతో మీరు మా కొట్టు అద్దం మీద అతికించిన స్టిక్కర్ మాత్రం మెరుస్తూనే ఉంది.

ఇంకో మాట. మా బజారుకి మోపెడ్ మీద ఒకతను వస్తుంటాడు. మీకన్నా కిలోకి 8 రూపాయలు ఎక్కువిస్తానంటాడు. కాగితం అడగడు, ఇవ్వడు. అతను పట్టుకెళ్లింది తేరుకున్నాక పైతేట మళ్లీ ఏదో బజ్జీల బండి మూకుట్లోకే చేరుతుందని మా బజార్లో అందరి అనుమానం. ఆ 8 రూపాయలు నేను వదులుకున్నది మీ కాగితం కోసమే. అదీ లేకపోతే నా నూనె డీజిలే అయిందని నమ్మకమేంటి? మీకూ అతనికీ తేడా ఏంటి?

కాబట్టి ఆ మూడు తేదీల రసీదులు బరువు, బండి నంబరు, మీ ముద్రతో పంపండి. జూన్ 3న కోసిన 6 కిలోల 600 గ్రాముల డబ్బు మా ఖాతాలో వేయండి. ఇకపై మా కాటా మీదే, మా ఎదురుగానే తూయాలి.

ప్రస్తుతం మూడు డబ్బాలు నిండి మెట్ల కింద ఉన్నాయి. ఈ శనివారం బండి పంపేటప్పుడు మీ కుర్రాడికి రసీదు బుక్కు ఇచ్చి పంపండి. అది లేకుండా వస్తే డబ్బాలు కదలవు.

ఇట్లు,
హాట్స్ కొట్టు యజమాని,
రాజమండ్రి