మొవ్వు కోయకండి

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల నేత మీద వచ్చిన వ్యాసం చదివాను. అంత దూరపు సంగతికి ఒక పేజీ కేటాయించినందుకు సంతోషం. కానీ శీర్షికలో 'అంతరిస్తున్న మగ్గం కళ' అన్నారు. అక్కడ మగ్గం ఎప్పుడూ లేదు. కళ అంతరించనూ లేదు. పదకొండేళ్లుగా న్యూజీలాండ్‌లో ఉంటూ, నాలుగేళ్లుగా శనివారాలు ఒక మావోరీ అల్లికల బృందంలో కూర్చుంటున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

బుట్టలు, చాపలు అల్లడాన్ని వాళ్లు రారంగా అంటారు. మా నాయనమ్మ ఈతాకు చాప అల్లిన తీరుకి చాలా దగ్గర. ఒంటిమీద కప్పుకునే వస్త్రాలు చేసే పని వేరు, దాని పేరు ఫాటు. రెండు కర్రల మధ్య దారం లాగి కట్టి, దానికి నిలువు పోగులు వేలాడదీస్తారు. అడ్డపోగుల్ని ఒక్కో నిలువు పోగు చుట్టూ వేళ్లతోనే మెలేసుకుంటూ పోతారు. ఒక్క వస్త్రానికి నెలలు పడుతుంది. రెండు పనులకీ ముఖ్యమైన ముడిసరుకు హరకెకె అనే మొక్క, కత్తుల్లా నిలబడే పొడవాటి ఆకులు. ఆల్చిప్ప అంచుతో ఆకుని గీరితే పైపచ్చ ఊడిపోయి లోపలి నార పట్టులా మెరుస్తూ బయటికొస్తుంది. మొదటిసారి నేను గీరినప్పుడు నారతో పాటు నా బొటనవేలి తోలు కూడా వచ్చింది.

ఒకప్పుడు ఈ విద్య ఇంటివాళ్లకి, తెగవాళ్లకి మాత్రమే. 1951లో మావోరీ మహిళా సంక్షేమ లీగ్ ఏర్పడ్డాక రంగిమారియె హెటెట్ అనే పెద్దావిడ ఆ గీత దాటి, నేర్చుకుంటామని వచ్చినవాళ్లకి నేర్పారు. ఇంటి గుట్టు బయటపెట్టడమేంటని నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆవిడ 1995లో నూట మూడేళ్ల వయసులో పోయారు. ఆవిడ కూతురు డిగ్గరెస్ టె కనావా కూడా అదే దారిలో నడిచారు. 1983లో టోకోమారు బే అనే ఊళ్లోని ఒక మరాయెలో (మావోరీలు సమావేశమయ్యే చోటు) దేశం నలుమూలల అల్లికదారులు తొలిసారి కలిశారు. ఆ కలవడం ఇప్పటికీ ఆగలేదు.

మీ వ్యాసంలో మ్యూజియాలు, బహుమతులు ఉన్నాయి, మొక్క ఊసే లేదు. హరకెకెలో బుట్టకి ఒక రకం, నారకి ఇంకో రకం. గిస్బోర్న్‌లో రెనీ ఆర్కిస్టన్ అనే ఆవిడ ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పాత రకాల పిలకలు తెచ్చి పెంచి, 1987లో వాటిని ప్రభుత్వ పరిశోధకుల చేతిలో పెట్టారు. ఆ పని జరక్కపోయుంటే ఇవాళ వేళ్లలో నేర్పు ఉన్నా చేతిలో ఆ పాత రకాల ఆకు ఉండేది కాదేమో.

ఆకు కోతకీ పద్ధతి ఉంది. నడిమి మొవ్వు బిడ్డ, దానికి అటూ ఇటూ ఉన్నవి అమ్మానాన్నలు. ఆ మూడింటినీ ముట్టుకోరు. బయటి ముదురాకుల్నే ఏటవాలుగా కోస్తారు. పోయిన మార్చిలో మా వీధి చివర వాగు గట్టున, మేం కోసుకునే పొదల్ని నడకదారి శుభ్రం చేసే కాంట్రాక్టర్ మనుషులు మెషీన్ పెట్టి మొవ్వుతో సహా చదునుగా కొట్టేశారు. దారికి అడ్డమొస్తున్నాయట! మా గురువుగారు పల్లెత్తు మాట అనలేదు. మొండెంలా మిగిలిన పొదల చుట్టూ ఒకసారి తిరిగి, కారెక్కి వెళ్లిపోయారు. ఆ నెలంతా క్లాసు లేదు.

మీ పత్రికని ఇక్కడ ఆన్‌లైన్‌లో చదివే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చాలామంది ఇళ్ల ముందు ఈ పొద ఉంటుంది. పాములు చేరతాయేమోనని పీకించేసిన వాళ్లు కూడా నాకు తెలుసు (ఈ దేశంలో నేల మీద పాములే లేవు). దయచేసి పీకించకండి, గడ్డి కోసేవాడికి అప్పజెప్పకండి. దగ్గర్లోని మరాయెలోనో, అల్లికల బృందంలోనో ఒక మాట చెబితే వాళ్లే వచ్చి పద్ధతిగా కోసుకుంటారు. వాన పడే రోజు మాత్రం పిలవకండి, వానలో కోయరు.

— ఒక పాఠకురాలు, న్యూజీలాండ్