కొత్త బిందె ఎందుకు తేలికగా ఉంది?

సంక్రాంతి తర్వాత వరంగల్‌లోని మా దుకాణంలో రాగి బిందె కొన్నవాళ్లందరికీ ఈ మాట చెప్పాలి.

పోయిన వారం నర్సంపేట నుంచి ఒక అక్క వచ్చారు. బిడ్డ పెళ్లికి మా దగ్గర కొన్న బిందె, తన పెళ్లినాటి బిందె రెండూ తెచ్చారు. సైజు ఒకటే. కాంటా మీద పెడితే పాతది 1,500 గ్రాములు, కొత్తది 1,180. "రాగిలో ఏం కలిపిండ్రు?" అని అడిగారు. ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఏమీ కలపలేదు. అది ఆమె ముందే చూశాం. అదే సరుకులోని 430 గ్రాముల చెంబును అంచుదాకా నీళ్లు నింపిన గిన్నెలో, లోపల గాలి మిగలకుండా పూర్తిగా ముంచాం. పొర్లిన నీళ్లు దాదాపు 48 మిల్లీలీటర్లు. ఒక ఘన సెంటీమీటరు రాగి 8.96 గ్రాములు తూగుతుంది కాబట్టి లెక్క సరిపోయింది. పైన రాగి పూత వేసిన స్టీలు చెంబైతే 54 దాకా పొర్లేవి. ఇత్తడిని మాత్రం ఇలా పట్టుకోవడం కష్టం, తేడా రెండు మూడు మిల్లీలీటర్లే. దాన్ని రంగు చూసి గుర్తుపట్టాలి.

మరి తూకం ఎందుకు తగ్గింది? రేకు పల్చబడింది. పాతది 22 గేజీ, అంటే సుమారు 0.71 మిల్లీమీటర్లు. కొత్తది 24 గేజీ, 0.56. గేజీ నంబరు పెరిగితే రేకు పల్చన, చాలామంది ఇక్కడే పొరబడతారు. 22 గేజీ మందంతోనే అంతే బిందెను స్టీలుతో చేస్తే 1,320 గ్రాములు, అల్యూమినియంతో చేస్తే 450 గ్రాములే వస్తుంది. అందుకే మందం తెలియకుండా ఉత్త తూకం చూసి లోహం ఏదో చెప్పలేం.

కిలో లెక్కనే అమ్మాను కాబట్టి లేని రాగికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. కానీ గేజీ మారిందని చెప్పకుండా అమ్మడం నా తప్పే. పల్చటి బిందె చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది. బిడ్డకు సారెగా పెట్టే బిందె పదికాలాలు ఉండాలని తల్లి కోరుకుంటుంది, ఆ సంగతి తెలిసీ నేను నోరు విప్పలేదు. క్షమించండి.

మార్చుకోవాలనుకునేవాళ్లు బిందె తీసుకురండి, సొట్ట పడినా పర్వాలేదు. 22 గేజీది ఇస్తాను. పెరిగిన తూకానికి రాగి ధర ఇస్తే చాలు, మజూరీ మళ్లీ తీసుకోను. ఇకమీదట బిల్లు మీద తూకంతో పాటు గేజీ కూడా రాస్తాను.