పెళ్లి కాని ఆడపిల్లకు కూడా గర్భసంచి ఉంటుంది సార్: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నాది దేవరకొండ వైపు ఒక ఊరు. నల్లగొండలో రూమ్ తీసుకుని డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. పేరు రాయడం లేదు సార్, పెళ్లి కాని అమ్మాయిల నెలసరి సమస్యల మీద పేరు పెట్టి రాస్తే ఊర్లో మా అమ్మానాన్నలు ఎన్ని మాటలు పడాలో మీకు తెలియంది కాదు. ఇదే మొదటిసారి అడగడం కూడా కాదు. తొమ్మిది మంది అమ్మాయిలం సంతకాలు పెట్టి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం, రెండుసార్లూ రశీదు ఇచ్చారు. తర్వాత ఒక ఫోన్‌కు మీ సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో ఆ తొమ్మిది మందిలో ఒక్కరికి కూడా అర్థం కాలేదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్‌ల గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. 2023 మార్చి 8న మొదలైనప్పుడు పేపర్లో చదివి నిజంగా సంతోషపడ్డాను. ఏ ప్రభుత్వం పెట్టిందన్నది మాకు పట్టింపు లేదు. ప్రతి మంగళవారం ఆడవాళ్లకే, నెలసరి సమస్యలు, పీసీఓఎస్ (పీసీఓడీ అని కూడా అంటారు, హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య), రక్తహీనత అన్నీ చూస్తాం అన్నారు. కానీ మంగళవారం మాకు కాలేజీ ఉంటుంది కదా సార్. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష ఫీజు దగ్గర ఆపుతారు, స్కాలర్‌షిప్ దగ్గర ఆపుతారు. ఒంట్లో బాగాలేదని చెబితే సార్లు ఏమైందని అడుగుతారు, ఏమైందో అందరి ముందు ఎట్లా చెప్పాలి?

నాకు మూడు నెలలు డేట్ రాలేదు. వచ్చాక పద్నాలుగు రోజులు ఆగలేదు. గంటన్నరకు ఒక ప్యాడ్ మార్చాల్సి వచ్చేది, క్లాసులో లేవాలంటే చున్నీ వెనక్కి కప్పుకుని పక్కమ్మాయిని చూడమని అడిగి లేచేదాన్ని. అమ్మకు ఫోన్ చేస్తే పెళ్లయితే అదే సర్దుకుంటదిలే బిడ్డా అంది. అమ్మను తప్పు పట్టను, ఆమెకు వాళ్లమ్మ అదే చెప్పింది.

ఒక మంగళవారం క్లాసు మానేసి వెళ్లాను. ఓపీ చీటీ రాసే దగ్గర మొదటి ప్రశ్న, పెళ్లయిందా? కాలేదన్నాను. మరి ఎందుకొచ్చినవ్, మీ అమ్మ ఏది అని గట్టిగా అడిగారు. పక్క లైన్లో ఉన్న మగవాళ్లు తల తిప్పి చూశారు, అందులో మా ఊరాయన ఒకరు ఉన్నారు. నేను రూముకు చేరకముందే ఆ కబురు మా ఇంటికి చేరింది, మీ పిల్ల లేడీ డాక్టర్ దగ్గర ఎందుకుంది అని. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు సార్. చీటీ మీద వయసు రాస్తే చాలదా? పెళ్లి సంగతి డాక్టరమ్మకు కావాలంటే లోపల గదిలో నెమ్మదిగా అడగవచ్చు కదా.

డాక్టరమ్మ మంచిగానే చూశారు, స్కానింగ్ రాశారు. రెండు వారాల తర్వాత మంగళవారానికి డేట్ ఇచ్చారు. ఆ రోజు లీటరు నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని కూర్చోమన్నారు, అట్లయితేనే గర్భసంచి సరిగ్గా కనపడుతుందట. పొద్దున పదిన్నర నుంచి కూర్చున్నాను. కడుపుతో ఉన్నవాళ్లను ముందు పంపించారు. అది న్యాయమే, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఒంటిగంట దాటాక ఆపుకోలేక లేచి వెళ్తే బాత్రూంకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందో అడుగుతూ వరండా అంతా తిరిగాను, చేతిలో ఆ నీళ్ల సీసాతో. మళ్లీ నీళ్లు తాగి వచ్చి కూర్చునే సరికి స్కానింగ్ అయిపోయింది, వచ్చే మంగళవారం రామ్మా అన్నారు. వచ్చే మంగళవారం ఇంటర్నల్ పరీక్ష. ఆ పై మంగళవారం డాక్టరమ్మ క్యాంపుకు వెళ్లారు.

చివరికి అమ్మ సంఘంలో అప్పు తెచ్చి ప్రైవేటులో చూపించింది. పీసీఓడీ అన్నారు, ఇప్పుడే జాగ్రత్తపడకపోతే ముందు ముందు షుగర్ వచ్చే ప్రమాదం ఉందన్నారు. హిమోగ్లోబిన్ 7.6. ఎనిమిది కంటే తక్కువ ఉంటే అది తీవ్రమైన రక్తహీనత అని అప్పుడే తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ఇన్నాళ్లూ సరిగ్గా తినడం లేదు కాబట్టేమో అనుకున్నాను.

స్కూల్లో ఉన్నప్పుడు వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చేవాళ్లు, టీచర్ ముందే మింగించేవాళ్లు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఎర్ర మాత్రలు ఇస్తారు, ఆశా అక్క ఇంటికి వచ్చి మరీ అడుగుతుంది. మధ్యలో డిగ్రీ చదివే మా దగ్గరికి ఎవరు వస్తారు సార్? ఇంటర్ అయిపోయిన రోజు నుంచి పెళ్లయి కడుపు పండే రోజు దాకా మేం ఏ రిజిస్టర్‌లోనూ లేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ లెక్కలో మేం కూడా ఉన్నాం కదా. ఫ్లోరైడ్ నీళ్లతో వంకర తిరిగిన మా నల్లగొండ వాళ్ల కాళ్లు ఫొటోల్లో కనపడ్డాయి కాబట్టి ఎప్పటికో అయినా ఒకరు పట్టించుకున్నారు. ఒంట్లో రక్తం లేదన్నది ఫొటోలో కనపడదు.

కాలేజీ బాత్రూంల గురించి వేరే ఉత్తరం రాయాలి. నీళ్లు రావని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా ఉండే అమ్మాయిలు మా క్లాసులో సగం మంది. మూత్రంలో మంట అని వాళ్లలో వాళ్లే చెప్పుకుంటారు. ప్యాడ్ల మిషన్ ఉంది, ఐదు రూపాయల బిళ్ల వేస్తే మింగుతుంది, ప్యాడ్ రాదు. జన్ ఔషధిలో రూపాయికి ఒక ప్యాడ్ దొరుకుతుందని తెలుసు, క్లాసు మధ్యలో అవసరమైతే అక్కడిదాకా ఎట్లా పోతాం?

మేం పెద్ద ఆసుపత్రి కట్టించమని అడగడం లేదు. నెలకు ఒక్కసారి లేడీ డాక్టర్‌ను డిగ్రీ కాలేజీలకు పంపించండి. అది కుదరకపోతే క్లినిక్ ఒక్క రోజైనా సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టండి, అదీ కాకపోతే ఆసుపత్రి చీటీ చూపిస్తే ఆ రోజు హాజరు ఇవ్వమని కాలేజీలకు ఒక ఆర్డర్ ఇప్పించండి. ఐరన్ మాత్రలు మాకూ ఇవ్వండి. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర పెళ్లయిందా అని అడగొద్దని చెప్పండి సార్, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు కాబట్టి ఎంత దూరమైనా వస్తాం, వచ్చిన రోజు చూడండి చాలు.

మా రూమ్మేట్‌కు కూడా నాలాగే ఉంది. తనది మహబూబ్‌నగర్ దగ్గర ఊరు, అమ్మానాన్న పుణెలో కూలి పనికి వెళ్లారు, ప్రైవేటులో చూపించేవాళ్లు లేరు. స్కానింగ్‌కు వచ్చే మంగళవారం డేట్ ఇచ్చారు. అదే రోజు పది గంటలకు తనకు కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఉంది. ఎటు పొమ్మంటారో మీరే చెప్పండి సార్.

ఇట్లు,
డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థిని,
నల్లగొండ