మియాటా కొన్నావు సరే, ముందు బ్రేకులు చూడు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. 2002 మాజ్డా మియాటా, పైకప్పు మడిచే రెండు సీట్ల చిన్న కారు, ఐదు గేర్లది కొన్నావు, వెంటనే మూడు ప్రశ్నలు వేశావు: టర్బో పెట్టించనా, ఎగ్జాస్ట్ మార్చనా, మొదటి ట్రాక్ డే (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) కాలిఫోర్నియాలోని లగునా సెకాలో చేయనా? మూడింటికీ వద్దనే అంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, కాఫీ కలుపుకుని కూర్చో.

నీ కారు పవర్ 142 హార్స్‌పవర్. ఎవడైనా 155 అని వాదిస్తే వాడు పాత బ్రోషర్ చూశాడన్నమాట. 2001 మోడల్‌కి అమెరికాలో మాజ్డా ముందు 155 అని ప్రకటించి, తర్వాత 142కి దిద్దుకుంది. అలిగిన వాళ్ళ కార్లు వెనక్కి తీసుకుంటామని కూడా చెప్పింది. అయినా సుమారు 1,080 కిలోల బండికి 142 బోలెడు. నీ సమస్య వేగం పెంచడం కాదురా, పెరిగిన వేగాన్ని తగ్గించడం. గంటకి 100 మైళ్ళ నుంచి 50కి తగ్గావంటే, కారులో ఉన్న వేగశక్తిలో ముప్పాతిక భాగం చక్రాలతో తిరిగే బ్రేకు డిస్కుల్లోకి వేడిగా పోవాలి. ల్యాపులో, అంటే ట్రాక్ ఒక చుట్టులో, అది మూడు నాలుగు చోట్ల, ఇరవై నిమిషాల సెషన్ పాటు ఆగకుండా. ఫ్రీమాంట్ నుంచి ఆఫీసుకి వెళ్ళొచ్చే బ్రేకులు ఆ వేడి ఎప్పుడూ చూసి ఉండవు. టర్బో పెడితే ఆ వేడి ఇంకా పెరుగుతుంది, పైగా రేడియేటర్ మీద భారం.

లగునా సెకా ఎందుకొద్దంటే, అది గొప్ప ట్రాకే, 2.238 మైళ్ళు, పదకొండు మలుపులు, ఎనిమిదో మలుపు కార్క్‌స్క్రూ దగ్గర నేల ఒక్కసారిగా 59 అడుగులు కిందికి జారుతుంది. కానీ అక్కడ చాలా రోజులు శబ్దానికి 90 లేదా 92 డెసిబెల్స్ పరిమితి ఉంటుంది. మోత ఎగ్జాస్ట్ పెట్టుకుని వెళ్తే నల్ల జెండా చూపించి పక్కకి పిలుస్తారు. ఫీజు కట్టి పార్కింగులో కూర్చోవడానికి అంత దూరం ఎందుకు? మొదట థండర్‌హిల్‌కి వెళ్ళు. విల్లోస్ ఊరు దాటి పడమరగా, పొలాల మధ్య ఉంటుంది. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) శాన్‌ఫ్రాన్సిస్కో రీజియన్ వాళ్ళదే ఆ ట్రాక్. తూర్పు సర్క్యూట్ మూడు మైళ్ళు, పదిహేను మలుపులు. చాలా మలుపుల్లో తప్పు చేసినా గోడ కంటే ముందు మట్టి తగులుతుంది. కొత్తవాడికి ఇంతకన్నా ఏం కావాలి? జులై, ఆగస్టుల్లో మాత్రం పోకు. మన గుంటూరు ఎండలే అక్కడా, నీడ మాత్రం లేదు. మార్చి, ఏప్రిల్, లేకపోతే అక్టోబర్ చూసుకో.

ఇక బ్రేకులు. ముందు బ్రేక్ ఆయిల్. ఎప్పుడు మార్చారో తెలియదన్నావు కాబట్టి అసలు మార్చలేదనే అనుకో. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3 ప్రమాణంలో కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలి, తేమ చేరాక 140 చాలంటారు. డాట్ 4కి అవి 230, 155. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది కొత్తగా ఉన్నప్పుడు 312 దాకా తట్టుకుంటుంది. అర లీటరు సీసాలు రెండు తెచ్చుకో, మిగిలితే మిగిలింది. సీసా మూత తీశాక నెలల తరబడి దాచకు. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్, దాని జోలికి పోకు. డాట్ 5.1 వేరు, అది పనికొస్తుంది.

మార్చే పద్ధతి నీకు తెలుసనుకుంటాను, అయినా రాస్తున్నా. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బాలోని పాత ఆయిల్ సిరంజితో లాగేసి కొత్తది నింపు. దూరపు చక్రం ముందు: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. ఇంకొకరు పెడల్ మెల్లగా తొక్కుతుంటే నువ్వు ఆ చక్రం దగ్గరి నిపుల్‌ని (పాత ఆయిల్ బయటికొచ్చే చిన్న మర) పావు తిప్పు తెరువు, వాళ్ళు కాలు ఎత్తేలోపు బిగించు. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టు, నేలకి తాకేదాకా తొక్కనివ్వకు. పాత కారులో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే గొట్టం) చివరి భాగం ఎప్పుడూ వాడకపోవడంతో తుప్పు పట్టి గరుగ్గా ఉంటుంది. రబ్బరు సీలు అక్కడిదాకా వెళ్తే చిరుగుతుంది, మర్నాటికి పెడల్ మెల్లగా కిందికి జారడం మొదలవుతుంది. చాలామంది కొత్త ఆయిల్‌ని తిట్టుకుంటారు, తప్పు దానిది కాదు. డబ్బాలో మట్టం మాత్రం కనీస గీత కిందికి పోనివ్వకు.

ప్యాడ్లు, అంటే డిస్కుని ఒరిసి కారుని ఆపేవి: ముందూ వెనకా సగానికి పైగా మందం ఉండాలి. హాక్ హెచ్‌పీ ప్లస్ లాంటివి మొదటి ఏడాదికి సరిపోతాయి. ఊళ్ళో కీచుమంటాయి, చక్రాలు నల్లగా చేస్తాయి, ఓర్చుకో. అచ్చం రేసు ప్యాడ్లు వేయించుకుంటే చల్లగా ఉన్నప్పుడు పట్టవు, ఇంటి దగ్గరి మొదటి సిగ్నల్ దగ్గరే భయపెడతాయి. వెనక కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) దగ్గర జాగ్రత్త: ముందువాటిలాగా పిస్టన్‌ని సీ-క్లాంపుతో నొక్కితే లోపలి హ్యాండ్ బ్రేక్ మరలు పాడవుతాయి. కాలిపర్ వెనక 14 ఎంఎం బోల్టు మూత తీసి, లోపల 4 ఎంఎం అలెన్ కీ పెట్టి అపసవ్యంగా తిప్పితే పిస్టన్ వెనక్కి పోతుంది. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద గంటకి 60 నుంచి 10 మైళ్ళకి ఎనిమిది, పది సార్లు గట్టిగా తగ్గించు, పూర్తిగా ఆపకుండా. తర్వాత పది నిమిషాలు బ్రేక్ ముట్టుకోకుండా నడుపు.

ట్రాక్ మీద బ్రేక్ చెడే తీరు రెండు రకాలు, తేడా కాలికి తెలియాలి. పెడల్ మెత్తగా, లోతుగా పోతుంటే ఆయిల్ మరిగి ఆవిరి చేరిందన్నమాట. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడికి పట్టు వదిలాయి. మొదటిదాంట్లో రెండు మూడు సార్లు పంపు చేస్తే కాస్త పెడల్ వస్తుంది, ఆ ల్యాపులోనే బయటికి వచ్చెయ్, ఆయిల్ మళ్ళీ మార్చేదాకా లోపలికి పోకు. రెండోదాంట్లో రెండు ల్యాపులు నెమ్మదిగా తిరిగితే కోలుకుంటుంది. ఇక స్టీరింగ్ వణుకు వచ్చిందంటే డిస్కు వంగిందని అందరూ అంటారు గానీ, చాలాసార్లు అది ప్యాడ్ పదార్థం డిస్కు మీద అచ్చుగా అంటుకోవడమే. అందుకే సెషన్ చివరి ల్యాపు బ్రేకులు వాడకుండా నడిపి, ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగకు. గేరులో పెట్టి, చక్రం కింద చెక్క పెట్టు.

తర్వాత నీ తలకాయ. మియాటాకి రోల్ బార్ (కారు బోల్తాపడితే తలని కాపాడే ఇనుప కమ్మీ) లేకపోతే చాలామంది నిర్వాహకులు ట్రాక్ మీదకి రానివ్వరు. హార్డ్ టాప్ ఉందిగా అంటే వినరు, అది ప్లాస్టిక్. హార్డ్ డాగ్ కంపెనీ వాళ్ళ బార్లు ఈ కారుకి బోల్టులతో బిగేవి దొరుకుతాయి. బిగించాక చీపురు కర్ర పరీక్ష ఉంటుంది: బార్ పైనుంచి విండ్‌షీల్డ్ పై అంచుకి కర్ర పెడితే, హెల్మెట్ పెట్టుకున్న నీ తల దాని కిందే ఉండాలి. చాలాచోట్ల రెండంగుళాల ఖాళీ అడుగుతారు. నువ్వు ఆరడుగులవాడివి, సీటు ఫోమ్ కోయాల్సి రావచ్చు, కాబట్టి బార్ కొనేముందే కొలిచి చూడు. బార్‌కి ఎస్ఎఫ్ఐ 45.1 ప్రమాణం ఉన్న గట్టి ప్యాడింగు పెట్టించు. హెల్మెట్ లేకుండా ఊళ్ళో తిరిగేటప్పుడు వెనక నుంచి ఎవడైనా గుద్దితే నీ తల తగిలేది దానికే. హెల్మెట్ మీద స్నెల్ సంస్థ ముద్ర చూడు, ఎస్ఏ 2020 గానీ అంతకంటే కొత్తది గానీ తీసుకో. ఎం అని ఉన్నది మోటార్‌సైకిల్‌కి, నిప్పు పరీక్ష దానికి ఉండదు.

వేడి సంగతి. బానెట్ తెరిచి రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ ట్యాంకు రంగు చూడు. నల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగిందంటే అది పగలడానికి ముహూర్తం చూసుకుంటోందని అర్థం. కింద ముక్కు భాగంలో ప్లాస్టిక్ రేకు ఉందో లేదో కూడా చూడు. పాత యజమానులు ఇంజన్ ఆయిల్ మార్చేటప్పుడు దాన్ని తీసేసి పారేస్తారు, అది లేకపోతే గాలి రేడియేటర్ లోంచి పోకుండా కిందినుంచి తప్పించుకుంటుంది. డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత గేజిని నమ్మకు. ఇంజన్ మామూలు వేడి దాటి చాలా దూరం పోయినా ముల్లు మధ్యలోనే కూర్చుంటుంది. ఓబీడీ పోర్టుకి (మెకానిక్కులు కారు కంప్యూటర్ చదివే సాకెట్టు) చిన్న డాంగిల్ పెట్టి ఫోన్‌లో అంకె చూడు. 105 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే తగ్గించు, ఏసీ ఆపి హీటర్ పూర్తిగా తిప్పు. ఉడికిపోతావు, కానీ ఇంజన్ బతుకుతుంది. ప్రతి సెషన్ తర్వాతా ఇంజన్ ఆయిల్ కొలకర్ర చూసి, మట్టం పై గీత దగ్గరే ఉంచు. పెట్రోలు పావు ట్యాంకు కిందికి పోతే మలుపుల్లో ఇంజన్ తడబడుతుంది, విల్లోస్‌లోనే నింపుకుని వెళ్ళు.

టైర్ల మీద ఇప్పుడే డబ్బు పోయకు. 300 పైన ట్రెడ్‌వేర్ (ఎంత మెల్లగా అరుగుతుందో చెప్పే అంకె) ఉన్న మంచి రోడ్డు టైర్లు జారేముందు కూస్తాయి, జారడం కూడా మెల్లగా జారతాయి. నేర్చుకునేవాడికి అదే మేలు. 200 ట్రెడ్‌వేర్ హాంకుక్ ఆర్ఎస్4 లాంటివి వచ్చే ఏడాది చూద్దాం. వయసు మాత్రం చూడు: టైరు పక్కన అచ్చువేసిన డాట్ కోడ్ చివరి నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. ఆరేళ్ళు దాటితే మార్చు. పొద్దున చల్లగా 26 పీఎస్ఐ పెట్టుకో. బయటికి రాగానే, టైర్లు వేడిగా ఉండగానే కొలిచి 32 చుట్టూ ఉండేలా గాలి తీయి. టైరు పక్కన చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, అరుగుదల ఆ గుర్తుని దాటి కిందికి పోతే గాలి తక్కువ. థండర్‌హిల్‌లో అపసవ్య దిశలో తిరుగుతాం కాబట్టి కుడి ముందు టైరు త్వరగా అరుగుతుంది. చక్రాల నట్లు 80 ఫుట్-పౌండ్లకి టార్క్ రెంచితో, ప్రతి సెషన్ ముందూ, చల్లారాక. చక్రాన్ని జాకీ మీద ఎత్తి పన్నెండు, ఆరు గంటల చోట పట్టుకుని ఊపి చూడు, టకటకమంటే బేరింగ్ పోయింది.

ట్రాక్ మీద నీ పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు, లైన్, అంటే మలుపుల్లో పట్టాల్సిన దారి సంగతి ఆయనకే వదిలేస్తున్నా. ఒక్కటి మాత్రం ఇప్పుడే బుర్రలో పెట్టుకో. మలుపు బయటికి వచ్చేటప్పుడు రెండు చక్రాలు మట్టిలో దిగితే, వెంటనే స్టీరింగ్ లాగి రోడ్డెక్కాలనిపిస్తుంది. అదే చెయ్యకూడదు. ముందు టైర్లు మట్టిలో పట్టులేక జారుతూ ఉంటాయి, అవి ఒక్కసారిగా తారు ఎక్కగానే పట్టు దొరికి కారు రోడ్డుకి అడ్డంగా తిరిగి అవతలి వైపుకి దూకుతుంది. పెద్ద ప్రమాదాలు చాలావరకు ఇలాంటివే. స్టీరింగ్ తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, అవసరమైతే నాలుగు చక్రాలూ మట్టిలోకే పోనిచ్చి, వేగం తగ్గాక ఎక్కు. కారు తిరిగిపోయిందంటే క్లచ్చి, బ్రేక్ రెండూ నొక్కి ఉంచు. థండర్‌హిల్‌లో ఐదో మలుపు, తొమ్మిదో మలుపు గుట్ట ఎక్కేటప్పుడు అవతల ఏముందో కనిపించదు, అక్కడ జెండా మనిషిని చూడ్డం అలవాటు చేసుకో.

కొత్తవాళ్ళ గ్రూపులో ముందు కారుని దాటడం చెప్పిన స్ట్రెయిట్లలోనే (మలుపుల్లేని భాగాలు), అదీ ముందువాడు చేత్తో ఏ వైపు నుంచి పోవాలో చూపిస్తేనే. నువ్వు కూడా అలాగే దారి ఇవ్వు. 400 హార్స్‌పవర్ వాడు మలుపులో నీ వెనక ఇరుక్కుంటే అది గర్వపడాల్సిన విషయం కాదు, స్ట్రెయిట్‌లో చెయ్యి చూపించి యాక్సిలరేటర్ కాస్త వదులు.

నీ ఇన్సూరెన్స్ పాలసీ తీసి మినహాయింపుల పేజీ చదువు. రేస్ ట్రాక్ మీద జరిగిన నష్టానికి చాలా కంపెనీలు ఇవ్వవు, పోటీ కాకపోయినా సరే. ఒక్క రోజుకి విడిగా ట్రాక్ డే పాలసీలు అమ్ముతారు. నీ కారు ఖరీదుకి అది గిట్టుబాటు కాకపోవచ్చు, పోయినా పర్వాలేదనుకునే కారు కాబట్టే మియాటా మంచి ఎంపిక. అమ్మకి ఫోన్‌లో మాత్రం రేసు అనకు, డ్రైవింగ్ క్లాసు అని చెప్పు. అబద్ధం కూడా కాదు.

మధ్యాహ్నం పులిహోర కొంచెమే తిను, కడుపు నిండా తిని మూడో సెషన్‌కి వెళ్తే రెండో మలుపు అంతులేని ఎడమ తిప్పుడులో బయటికొస్తుంది. నీళ్ళు నాలుగు లీటర్లు పెట్టుకో. నాలుగో సెషన్‌కి అలసట తెలియకుండానే వస్తుంది, అప్పుడు ఒకటి మానేసినా నష్టం లేదు. ఇంటికి బయల్దేరేముందు టైర్లలో గాలి మళ్ళీ 26కి నింపు. పగలు వేడిలో తీసేసినది సాయంత్రం చల్లారేసరికి 26 కంటే కిందికి దిగి ఉంటుంది.

రేడియేటర్ ట్యాంకు ఫొటో, టైర్ల మీది నాలుగంకెలు ఈ వారంలో పంపు. అవి చూశాక ఏవి ముందు కొనాలో రాస్తాను.

నీ
రఘు

తా.క. డ్రైవర్ వైపు ఫ్లోర్ మ్యాట్ తీసి ఇంట్లోనే పెట్టి వెళ్ళు. అది జరిగి పెడల్ కింద ఇరుక్కుంటే పైన రాసిందంతా దండగ.