పన్నెండేళ్ల పిల్లకి తెర మీద చోటెక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను. సినిమాల్లో ఆడవాళ్లని చూపించే తీరు గురించి ఎవరు మాట్లాడినా ఐటెం సాంగుల దగ్గరో హీరోయిన్ బట్టల దగ్గరో ఆగిపోతున్నారు, అదీ నిజమే గానీ రోజూ ఆడపిల్లల మధ్య ఉండే నాకు అంతకంటే ముందు కనపడేది ఇంకోటుంది, అది చెప్దామనే ఈ ఉత్తరం.

పోయినేడు మా స్కూల్ వార్షికోత్సవానికి ఏడో తరగతి పిల్లలు ఆరుగురు ఒక హిట్ పాటకి డాన్స్ నేర్చుకున్నారు. మధ్యలో నిలబడే పిల్ల చాలా చురుకు, వేమన పద్యాలు యాభై దాకా తడుముకోకుండా అప్పజెప్తుంది. రిహార్సల్లో ఆ పిల్ల కింది పెదవి పంటితో నొక్కిపెట్టి, నడుం ఓ పక్కకి విసిరి, ఓరగా చూసి అలాగే ఆగింది. ఆగి నా వైపు తిరిగి "మేడం, ఎక్స్‌ప్రెషన్ సరిపోయిందా?" అంది. లెక్క చేసి నోట్‌బుక్ చూపించినట్టే అడిగిందండీ, అది దేనికి పెట్టే ఎక్స్‌ప్రెషనో ఆ పిల్లకి తెలీనే తెలీదు. నాకు నోట మాట రాలేదు. ఫంక్షన్ రోజు ముందు కుర్చీల్లోంచి ఈలలు వచ్చాయి, తల్లులు ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకున్నారు, నేను స్టేజీ పక్కన నిలబడి జారిపోతున్న పూలకి పిన్నులు పెట్టాను. ఆపాల్సింది నేనే, ఆపలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

అప్పట్నుంచి ప్రతి సినిమాలో వెతుకుతున్నాను, ఈ వయసు పిల్ల ఎక్కడైనా ఉందా అని. ఆరేడేళ్ల పాప ఉంటుంది, ముద్దు ముద్దుగా మాట్లాడుతుంది, లేకపోతే విలన్ ఎత్తుకుపోవడానికి ఉంటుంది. ఆ తర్వాత ఏకంగా హీరోయినే. మధ్యలో పదకొండు నుంచి పదహారు దాకా, పెద్దమనిషయ్యి కడుపునొప్పితో బెంచీ మీద తల వాల్చుకునే పిల్ల, లెక్కలంటే భయపడే పిల్ల, కబడ్డీకి వేరే మండలం వెళ్లాలంటే ఇంట్లో బతిమాలుకునే పిల్ల, వీళ్లు కథకి అక్కర్లేదు. ఆడపిల్ల జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఐదేళ్లు మన సినిమా ఒక్క పాటలో సైకిల్ చక్రం తిప్పి దాటేస్తుంది.

ఇంకో విచిత్రం ఏంటంటే, ఆ పోయిన చిన్నతనాన్ని తీసుకెళ్లి పాతికేళ్ల హీరోయిన్‌కి పెడతారు. ఇంజనీరింగ్ చదువుకున్న అమ్మాయి వానొస్తే గెంతుతుంది, పిల్లల దగ్గర ఐస్‌క్రీం లాక్కుంటుంది, లోకం తెలీదు, హీరో చెప్తేగానీ ఏదీ అర్థం కాదు. 2006లో బొమ్మరిల్లు వచ్చినప్పుడు హాసిని నాకూ నచ్చింది, ఆ అమ్మాయి తన మనసులో మాట ఎవరి ముందైనా చెప్పేది కాబట్టి నచ్చింది, కానీ తర్వాత అలాంటివే తీయబోయిన వాళ్లు అల్లరి తీసుకుని మాట వదిలేశారు. పైగా చాలామందికి గొంతు కూడా వాళ్లది కాదు, తెలుగు రాని అమ్మాయిని తెచ్చి ఇంకొకరితో డబ్బింగ్ చెప్పిస్తారు. డబ్బింగ్ చెప్పేవాళ్ల ప్రతిభకి నేను దణ్ణం పెడతాను, నా బాధల్లా మనూళ్లల్లో మాట్లాడుకునే యాస ఒక ఆడపిల్ల నోట తెర మీద వినపడకుండా పోయిందనే. 2017లో ఫిదాలో సాయి పల్లవి సొంత గొంతుతో తెలంగాణ యాసలో మాట్లాడితే జనం ఎంత మురిసిపోయారో చూశాం కదా.

మిస్సమ్మ వచ్చింది 1955లో. అప్పటికి సావిత్రి గారికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. ఆ వయసులో ఆవిడ వేసిన మేరీ బి.ఏ. పాసైన అమ్మాయి, నాన్న చేసిన అప్పు తీర్చాలి, అప్పిచ్చినవాణ్ణి పెళ్లి చేసుకోవడం ఇష్టం లేదు, అందుకని ఉద్యోగం కోసం పరాయివాడితో మొగుడూ పెళ్లాంగా నటించడానికి కూడా సిద్ధపడింది. కోపం ఉంది, పట్టుదల ఉంది, నవ్వించేది కూడా ఆ కోపంతోనే. డెబ్బై ఏళ్ల కింద ఇరవై ఏళ్ల అమ్మాయిని అంత పెద్దమనిషిగా చూడగలిగిన వాళ్లం ఇప్పుడు ముప్పై ఏళ్ల నటి చేత మారాం చేయిస్తున్నాం. పాత సినిమాలన్నీ గొప్పవని అనట్లేదు, పతివ్రత కన్నీళ్లు కూడా చాలా చూశాం.

ఇదంతా వినోదమే కదా అనేవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కాలవ గట్టు దారి మానేసి చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టింది, రోజూ లేటు. అడగ్గా అడగ్గా చెప్పింది, ఎవడో బండి మీద వెంటపడుతున్నాడని. ఏడవలేదు గానీ ఒక మాట అంది: "సినిమాల్లో అయితే చివరికి ఒప్పుకుంటది కదా మేడం, నేను ఒప్పుకోకపోతే ఏం చేస్తాడు?" ఆ పిల్ల ఎప్పుడూ చూడని ముగింపు అది, కాదన్నా క్షేమంగా ఇంటికెళ్లే అమ్మాయిని తెర మీద ఒక్కసారీ చూడలేదు. వద్దన్నా వెంటపడటం 2013 నుంచి చట్టంలో నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. క్లాసులో ఈ సంగతి చెప్తే మగపిల్లలు నిజంగా ఆశ్చర్యపోయారు, వాళ్లకి అది ప్రేమలో మొదటి మెట్టు అంతే. వాళ్ల తప్పూ కాదు, వాళ్లకి ఎవరూ వేరేలా చూపించలేదు.

జనం గట్టిగా అంటే మార్పు రాదా అంటే వస్తుంది. 2021 డిసెంబర్‌లో పుష్ప రిలీజయ్యాక వ్యాన్‌లో హీరోయిన్‌ని తాకే సీన్ మీద అభ్యంతరాలొస్తే తీసేశారు. డబ్బిచ్చి ముద్దు కొనే సీన్ మాత్రం ఉండిపోయింది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ అసభ్యంగా ఉండే స్టెప్పులు ఆపండని సినిమావాళ్లకి చెప్పింది, సంతోషం. సెన్సార్‌వాళ్లు ఇప్పుడు యూఏలో కూడా 7, 13, 16 ఏళ్లని విడగొట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు, కానీ పాట సినిమా కంటే నెల ముందే యూట్యూబ్‌లోకి వచ్చేస్తుంది, దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, మా ఏడో తరగతి పిల్ల నేర్చుకున్నది అమ్మ ఫోన్లో.

మంచి సినిమా రావట్లేదని కూడా కాదు. 2025 జనవరిలో గాంధీ తాత చెట్టు అని వచ్చింది, పద్మావతి మల్లాది గారు తీశారు, పదమూడేళ్ల పిల్ల తాత చెట్టు కోసం నిలబడే కథ. అందులో చేసిన సుకృతి వేణికి బాలనటిగా జాతీయ అవార్డు వచ్చింది. మా క్లాసులో ఎవరూ పేరు కూడా వినలేదు. కథా, ఆ పాత్ర కోసం సుకృతి గుండు చేయించుకున్న సంగతీ చెప్తే ఒక పిల్ల "గుండు నిజంగానే చేయించుకుందా మేడం? అద్దంలో చూసుకుంటే ఏడుపు రాలేదా?" అని తన రెండు జడలూ పట్టుకుని చూసుకుంది.

ఎడిటర్ గారూ, మీ పేపర్ మా స్కూల్‌కి వస్తుంది, ప్రేయర్‌లో పిల్లలే వార్తలు చదువుతారు. చదివాక సినిమా పేజీ చేతులు మారి మారి నలిగిపోతుంది. అందులో హీరోయిన్ ఫొటో కింద "అందాల విందు", "కుర్రకారుకి కిర్రెక్కించింది" అని ఉంటుంది, ఏం పాత్ర చేసిందో ఉండదు. రివ్యూలో హీరోకి మూడు పేరాలు, ఆ అమ్మాయికి "తన పరిధి మేరకు నటించింది" అని ఒక లైను. ఆ ఒక్క లైను చోట ఆ పాత్రకి పేరేంటి, పనేంటి, కథలో తనంతట తాను ఏదైనా నిర్ణయం తీసుకుందా అని రెండు ముక్కలు రాయించండి, నేను అడిగేది అంతే.

ఈ ఏడు వార్షికోత్సవం ఫిబ్రవరిలో. పాటల లిస్టు ఇప్పటికే నా టేబుల్ మీదకి వచ్చింది, పైనున్నది మళ్లీ అలాంటి పాటే. సంతకం పెట్టలేదు. సోమవారం ఆ పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టుకుని మాట్లాడతాను.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
పశ్చిమ గోదావరి జిల్లా