చిరిగిన పుస్తకం మూడోసారి వచ్చింది

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ మట్టెవాడలో నాది పుస్తకాలు బైండింగ్ చేసే చిన్న దుకాణం. థీసిస్‌లు, ఆఫీసు రిజిస్టర్లు, అప్పుడప్పుడు గ్రంథాలయాల నుంచి పుస్తకాల మూటలు వస్తుంటాయి. ఏ పుస్తకాన్ని ఎంతగా చదివారో తెలియడానికి మాకు ఇష్యూ రిజిస్టరు అక్కర్లేదు. వదులైన కుట్టు, నల్లబడిన పేజీల మూలలు, ఊడి వచ్చిన ఫారం (కలిపి కుట్టిన పేజీల కట్ట) చూస్తే చాలు.

కిందటి నెల వచ్చిన మూటలో దాదాపు అన్నీ గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ గైడ్లే. తప్పు పట్టను, ఉద్యోగం ఎవరికి అక్కర్లేదు? వాటి మధ్య పిల్లల సైన్సు ప్రయోగాల పుస్తకం ఒకే ఒక్కటి ఉంది. అది నా చేతికి రావడం మూడోసారి. పళ్లెంలో నీళ్లు పోసి, వెలుగుతున్న కొవ్వొత్తి నిలబెట్టి, గ్లాసు బోర్లించే ప్రయోగం ఉన్న పేజీ తడిసి ఉబ్బింది. అంచున మైనం చుక్క గట్టిపడి ఉంది. ఎవరో పిల్లో పిల్లాడో పుస్తకం పక్కన పెట్టుకునే చేసి చూశారన్నమాట. మైనాన్ని గోటితో గీకబోయి ఆగిపోయాను.

ఆ ప్రయోగానికి చవక పుస్తకాలు ఒకే జవాబు రాస్తాయి: ఆక్సిజన్ ఖర్చైపోయింది, ఆ చోటులోకి నీళ్లు ఎక్కాయి. నేనూ బడిలో అదే బట్టీ పట్టాను. ఈ పుస్తకం మాత్రం ‘నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో చూడు’ అంటుంది. చూస్తే, ఎక్కువగా ఎక్కేది మంట ఆరిపోయాకే. వేడెక్కి వ్యాపించిన గాలి చల్లబడి కుంచించుకుపోవడమే దానికి ముఖ్య కారణం. నాకు ఈ సంగతి యాభై దాటాక, జిగురు చేతులతో తెలిసింది.

మా వృత్తివాడొకడు ఇంకా ముందే మేలుకున్నాడు. తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే లండన్‌లో 1805లో, 14 ఏళ్ల వయసులో బైండింగ్ పనికి కుదిరాడు. అట్ట వేయడానికి వచ్చిన పుస్తకాలనే చదివాడు. వాటిలో జేన్ మార్సెట్ రాసిన రసాయన శాస్త్ర పుస్తకం ఉంది. ఒక టీచరమ్మ, ఇద్దరు ఆడపిల్లలు ముచ్చటించుకుంటున్నట్టు నడుస్తుంది అది. చదివి ఊరుకోలేదు, తన కొద్దిపాటి డబ్బుతో ఆ ప్రయోగాలు చేసి చూసుకున్నాడు. చెల్పూరు విద్యుత్ కేంద్రంలో ఈరోజు తిరిగే జనరేటర్లకు ఆధారం, అయస్కాంతం కదలికతో తీగలో కరెంటు పుడుతుందని 1831లో ఆయన కనిపెట్టిన సూత్రమే.

మూట తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు, ఇలాంటివి ఇంకా లేవా అని అడిగాను. ఉన్నాయట, బీరువాలో. పిల్లలు చింపేస్తారని తాళం వేశారట. పుస్తకం చిరిగితే కుట్టడానికి మేం లేమా? బీరువాలో చెదలు తిన్నదాన్ని మాత్రం ఎవరూ కుట్టలేరు.

మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ డబ్బులో ఇంత వాటా అని తేల్చి, ఏటా తెలుగులో పిల్లల సైన్సు పుస్తకాలు కొనాలని నా విన్నపం. కొనేముందు నలుగురు సైన్సు టీచర్లకు, నలుగురు పిల్లలకు చూపించాలి. కేవలం రంగుల అట్ట చూసి కొంటే, కొవ్వొత్తి ప్రయోగానికి మళ్లీ ఆ పాత జవాబే వస్తుంది. రామప్ప గుడి ఇటుక నీళ్లలో ఎందుకు తేలుతుంది, పాఖాల చెరువు కట్ట ఇన్ని వందల ఏళ్లుగా ఎలా నిలిచింది అని ఇక్కడి పిల్లలు అడిగేవాటికి జవాబు చెప్పే పుస్తకాలూ రాయించాలి. 1906లోనే హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్ర విషయాలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. నిజాం కాలంలో వాళ్లకు వీలైంది మనకెందుకు కాదు?

పక్కింటి ఆరో తరగతి పిల్లాడు సాయంత్రాలు దుకాణానికి వస్తాడు. మైదా జిగురులో మైలుతుత్తం ఎందుకు కలుపుతావు తాతా అన్నాడు. పురుగు పట్టకుండా అన్నాను. పురుగును అది ఎలా చంపుతుంది అన్నాడు. నాకు తెలియదు. వాణ్ణి ఏ గ్రంథాలయానికి పంపాలో, ఏ బీరువా తాళం తీయించాలో అధికారులు చెప్పాలి. ఆ పుస్తకం నాలుగోసారి చిరిగి వస్తే కుట్టు కూలి తీసుకోను.

ఇట్లు,
ఒక బైండింగ్ పనివాడు,
మట్టెవాడ, వరంగల్