పండగ సెలవుల తేదీ రెండు నెలల ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ను. మాది ప్రకాశం జిల్లా కనిగిరి. ఇరవై రెండేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను కానీ పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయి ఈ ఆగస్టు మొదటి వారంలో విశాఖపట్నం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేరింది. హాస్టల్లో ఉంటోంది. కాలేజీ పేరు రాయను. నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్కచోటే ఉన్నది కాదు, నా బస్సు ఎక్కే పిల్లలు చాలా కాలేజీల గురించి ఇదే మాట చెబుతున్నారు. హాస్టల్ ఉన్న కాలేజీలు పండగ సెలవుల తేదీని కనీసం రెండు నెలల ముందు చెప్పాలి, చెప్పిన తేదీని మార్చకూడదు. నా విన్నపం ఇంతే. ఎందుకు అడుగుతున్నానో వివరంగా రాస్తాను.

ఏటా జూన్ నుంచి ఆగస్టు దాకా మా బస్సుల్లో ఒక రకం లగేజీ కనిపిస్తుంది. రేకు పెట్టె, చుట్టిన పరుపు, ప్లాస్టిక్ బకెట్, అందులో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె, మూత చుట్టూ పాత గుడ్డ కట్టిన పచ్చడి డబ్బా. ఆ సామాను చూడగానే ఈ పిల్లో పిల్లవాడో కొత్తగా హాస్టల్‌కు పోతున్నట్టు నాకు తెలిసిపోతుంది. తల్లి కిటికీ దగ్గర నిలబడి కొంగుముడి విప్పి యాభయ్యో వందో చేతిలో పెడుతుంది. తండ్రి నా దగ్గరకు వచ్చి "అన్నా, కొంచెం చూసుకో" అంటాడు. "సరే సరే, ఎక్కండి, టైమైంది" అనేవాణ్ణి. విజిల్ వేసేవాణ్ణి. బస్సు కదిలాక కూడా కిటికీ ఊచ వదలకుండా నాలుగడుగులు నడిచే తల్లుల్ని గట్టిగా కేకలేసిన రోజులు ఉన్నాయి. అది వాళ్ల క్షేమం కోసమే, తప్పని నేను అనుకోను. కానీ ఆ నాలుగడుగులు ఎందుకో ఈ ఏడే నాకు అర్థమైంది.

2008లో ఒక సంగతి జరిగింది. ఆ ఏడాదే నూజివీడు, ఇడుపులపాయ, బాసరలో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పదో తరగతి మార్కుల మీద సీటు, చదువు ఆరేళ్లు. అప్పుడు నేను కనిగిరి – విజయవాడ సర్వీసులో ఉన్నాను. పొదిలి దగ్గర ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని ఎక్కాడు. నూజివీడుకు విజయవాడలో బస్సు మారాలని చెప్పాను. కాసేపు ఊరుకుని, చీమకుర్తి దాటాక లేచి నా సీటు దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు: "అయ్యా, ఆరేళ్లదాకా ఇంటికి పంపరా?" కోర్సు ఆరేళ్లు అంటే బిడ్డ ఆరేళ్లు రాడని అనుకున్నాడు. అలా అనుకుని కూడా బయలుదేరాడు. "పండగలకు పంపుతారు" అని చెప్పాను. నిజానికి ఆ రోజు నాకేమీ తెలియదు, ఏదో ధైర్యానికి అన్నాను. మర్నాడు తిరుగు ట్రిప్పులో అదే మనిషి ఒక్కడే ఎక్కాడు. విజయవాడ నుంచి పొదిలిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "దసరాకు పంపుతారంటయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాకు ఇద్దరు పిల్లలు, అమ్మాయి పెద్దది. ఒంగోలు స్టేషన్‌లో రైలెక్కాము, నేనూ మా ఆవిడా ఇద్దరం వెళ్లి చేర్పించి వచ్చాము. విశాఖ ఒంగోలు నుంచి ఐదు వందల కిలోమీటర్లకు దగ్గర. తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ రైల్లో ఏమీ తినలేదు. నేను తిన్నాను, రాత్రి డ్యూటీ ఉంది కాబట్టి.

నాకు వెలితి తెలిసింది చిల్లర దగ్గర. కండక్టర్‌కు చిల్లర లేకపోతే రోజు గడవదు. ఏడో తరగతి నుంచి మా అమ్మాయే నాకు చిల్లర సర్దేది. సాయంత్రం స్కూలు నుంచి వస్తూ కిరాణా కొట్లో, టీ బంకులో, గుడి దగ్గర పూలమ్మే ఆవిడ దగ్గర నోట్లిచ్చి చిల్లర తెచ్చేది. రెండు రూపాయలు, ఐదు రూపాయలు వేరువేరు కాగితాల్లో చుట్టి, పైన పెన్నుతో ఎంతో రాసి బూస్టు డబ్బాలో పెట్టేది. తను వెళ్లిన నాలుగో రోజు తెల్లవారుజామున డబ్బా తీస్తే ఒక్క చుట్ట మాత్రం ఉంది, దాని మీద తన రాత. అది నేను ఖర్చు పెట్టలేదు. ఆ రోజు బస్సులో ప్రయాణికులతో చిల్లర గొడవ పడ్డాను, పడ్డా ఫర్వాలేదనుకున్నాను. తరువాత వారం నుంచి మా ఆవిడ కొట్టుకు వెళ్లి తేవడం మొదలుపెట్టింది. చుట్టలు కట్టడం తనకు రాదు, కవర్లో పోసి ఇస్తుంది.

ఫోన్ విషయం కూడా చెప్పాలి. మొదటి నెల రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు చేసేవాళ్లం. "తిన్నావా, ఏం తిన్నావు, ఎందుకు సరిగ్గా తినలేదు" ఇవే మాటలు. మా ఆవిడ గొంతు బొంగురుపోయేది, ఫోన్ నాకిచ్చేది. నాకూ మాట వచ్చేది కాదు. ఒకరోజు అమ్మాయి, "నాన్నా, మీరు ఫోన్ పెట్టాక ఏడుస్తారని నాకు తెలుసు, అందుకే ఫోన్ చూస్తేనే టెన్షన్‌గా ఉంటోంది, చదవలేకపోతున్నాను" అంది. నాకు కడుపులో దేవినట్టయింది. మా దిగులు మా దగ్గరే ఉంటుందనుకున్నాం కానీ అది ఐదు వందల కిలోమీటర్లు పోయి పిల్ల నెత్తిన కూర్చుంటోంది. అప్పటినుంచి పద్ధతి మార్చాం. ఆదివారం నింపాదిగా మాట్లాడతాం. మిగతా రోజుల్లో తనకు వీలున్నప్పుడు వాయిస్ మెసేజ్ పెడుతుంది. నైట్ హాల్ట్ రోజుల్లో బస్టాండులో పడుకునే ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాను. నేను బదులుగా ఆరోజు చూసింది ఒకటి చెబుతాను. చీమకుర్తి దగ్గర రాళ్ల లారీ ఆగిపోయి రోడ్డు జామైన సంగతి, బస్సులో ఒక ముసలమ్మ నాకు తేగలు ఇచ్చిన సంగతి. కొత్తగా పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇది ఒక్కటే, రోజూ "తిన్నావా" అని అడగకండి, ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి.

ఇవన్నీ ఉన్నా, ఇంట్లో మమ్మల్ని నిలబెట్టింది గోడ మీది క్యాలెండర్. దసరా సెలవులు సెప్టెంబర్ 27 నుంచి అని కాలేజీలో మొదట చెప్పారు. మా ఆవిడ ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, రోజూ రాత్రి ఒక గడి కొట్టేసేది. ఇంకా ఇరవై రెండు, ఇంకా ఇరవై ఒకటి అంటూ నిద్రపోయేది. నేను రైలు టికెట్ తీశాను. తరువాత పరీక్షలు వెనక్కి జరిగాయో ఏమో, సెలవులు ఎప్పుడో మళ్లీ చెబుతాం అన్నారు. టికెట్ రద్దు చేసుకున్నాం. ఎర్ర గీత దాటిపోయింది. సెప్టెంబర్ 28 ఆదివారం సాయంత్రం చెప్పారు, మంగళవారం నుంచి వెళ్లవచ్చని. పండగ గురువారం. రైళ్లలో సీటు లేదు. సోమవారం తత్కాల్‌కు నెట్ సెంటర్ అబ్బాయి ప్రయత్నించాడు, దొరకలేదు. మా సూపర్ లగ్జరీలు నిండిపోయాయి. ప్రైవేటు బస్సు ధర మా వల్ల కాలేదు. దసరా రోజుల్లో మాకు సెలవు దొరకదు కాబట్టి నేను వెళ్లి తీసుకురాలేను. మా ఆవిడ వెళతానంది కానీ తను వెళ్లి వచ్చేసరికి పండగే అయిపోతుంది.

మంగళవారం మా అమ్మాయి ఒక్కతే ఎక్స్‌ప్రెస్ బస్సులు మారుతూ వచ్చింది. ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఛార్జీ లేదు కాబట్టి డబ్బు ఖర్చు లేదు. ఆ పథకం లేకపోతే ఆ రోజు రాగలిగేదే కాదేమో. కానీ పండగ ముందు ఆ బస్సుల్లో ఎంత రద్దీ ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? ఆ రోజంతా నేను గుంటూరు వైపు డ్యూటీలో ఉన్నాను. ఊపిరాడనంత జనంలో ఆధార్ కార్డులు చూసి ఊరి ఆడపిల్లలందరికీ జీరో టికెట్లు కొడుతూ, నా పిల్ల ఎక్కడ నిలబడి ఉందో అనుకుంటూ ఉన్నాను. సాయంత్రం నుంచి తన ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఆ ఆరు గంటలు మా ఆవిడ ఎలా గడిపిందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

నేను మర్నాడు ఉదయం ఇంటికి చేరేసరికి అమ్మాయి నిద్రపోతోంది. టీవీ పక్కన కాలేజీ ఐడీ కార్డు, దాని కింద ఐదు టికెట్లు ఉన్నాయి. విశాఖ నుంచి రాజమండ్రి, ఉదయం 6.10. రాజమండ్రి నుంచి ఏలూరు, పగలు 11.50. ఏలూరు నుంచి విజయవాడ, 3.25. విజయవాడ నుంచి ఒంగోలు, సాయంత్రం 6.40. ఒంగోలు నుంచి కనిగిరి, రాత్రి 10.45. ఆ టికెట్లను నేను ఉత్తరం చదివినట్టు చదివాను. రాజమండ్రిలో ఎంతసేపు ఆగింది, ఎక్కడ అన్నం తిని ఉంటుంది, విజయవాడ బస్టాండులో ఆ జనంలో ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది, అన్నీ వాటిలోనే తెలుస్తున్నాయి నాకు. మిషన్ టికెట్ల మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది. అందుకని ఆ వేళలన్నీ నా డైరీలో రాసి పెట్టుకున్నాను. నాలుగు రోజులుండి అక్టోబర్ 5 ఆదివారం వెళ్లిపోయింది.

ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. రైల్వే వాళ్లు నిరుడు నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. అంటే జనవరి 12న బయలుదేరాలంటే ఈ నెల 13 ఉదయం 8 గంటలకు టికెట్ తీయాలి. పండగ రైళ్లు ఎంతసేపట్లో నిండిపోతాయో అందరికీ తెలుసు. కానీ మాకు ఇంతవరకు సెలవు తేదీ తెలియదు. తోటి తల్లిదండ్రులు కొందరు జనవరి 9, 10, 11, 12 తేదీలకు నాలుగు టికెట్లు తీసి పెట్టాలనుకుంటున్నారు. తరువాత మూడు రద్దు చేసుకుంటారు. స్లీపర్ టికెట్ రద్దు చేస్తే ఎంత ముందు చేసినా 120 రూపాయలు తీసేస్తారు, మూడింటికి 360. డబ్బు పోతే పోయింది, ఒక్క పిల్ల కోసం నాలుగు బెర్తులు పట్టుకుంటే ఇంకో ముగ్గురు పిల్లలు వెయిటింగ్ లిస్టులో పడతారు. వాళ్లను తప్పుపట్టలేను. తేదీ చెప్పనంతకాలం ఎవరైనా అదే చేస్తారు.

కాలేజీలకు ఇది పెద్ద పని కాదు. పరీక్షల తేదీలు, ఫీజు కట్టే ఆఖరు తేదీ నెలల ముందే చెప్పగలుగుతున్నారు కదా. పండగ ఎప్పుడో పంచాంగంలో ముందే ఉంది. చేరేరోజు ఇచ్చే కాగితాల్లోనే దసరాకు, సంక్రాంతికి ఏ తేదీన పంపేదీ ఏ తేదీన రావలసిందీ రాసి ఇవ్వవచ్చు. ఇంకో మాట, మా సంస్థ పెళ్లిళ్లకు బస్సులు అద్దెకు ఇస్తుంది. ఒక కాలేజీలో మా జిల్లా పిల్లలు నలభై మంది ఉంటే, తేదీ ముందే తెలిస్తే, అందరి తల్లిదండ్రులం డబ్బులు వేసుకుని ఒక బస్సు మాట్లాడుకుంటాం. హాస్టల్ గేటు దగ్గర ఎక్కితే ఒంగోలులో దిగుతారు. ఆడపిల్లలు ఐదు బస్సులు మారే పని ఉండదు. రెండు రోజుల ముందు చెబితే ఏ డిపో మేనేజర్ మాత్రం పండగ వేళ బస్సు ఎక్కడి నుంచి తెస్తాడు?

13వ తేదీ ఉదయం 8 గంటలకు నేను డ్యూటీలో ఉంటాను. నెట్ సెంటర్ అబ్బాయికి డబ్బులిచ్చి ఉంచాను. తేదీ మాత్రం ఖాళీగా ఉంది. ఈ ఉత్తరం ఏ ప్రిన్సిపాల్ గారైనా, హాస్టల్ వార్డెన్ గారైనా చదివితే, దయచేసి ఈ వారంలో పిల్లలకు ఆ తేదీ చెప్పండి.

చివరగా, సెప్టెంబర్ 30 ఉదయం 6.10కి విశాఖలో బయలుదేరిన రాజమండ్రి ఎక్స్‌ప్రెస్ కండక్టర్ గారికి. తుని దాకా నిలబడి వస్తున్న ఒక అమ్మాయిని పిలిచి, మీ సీటులో కూర్చోబెట్టి, మీరు నిలబడి టికెట్లు కొట్టారట. మీరు ఏ డిపోనో, మీ పేరేమిటో అమ్మాయి అడగలేదు. తను మా అమ్మాయి అన్నా. కనిగిరి వైపు ఎప్పుడైనా డ్యూటీ పడితే మా ఇంట్లో భోంచేసి వెళ్లండి. డిపోలో అడిగితే ఇల్లు చెబుతారు.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టర్,
కనిగిరి, ప్రకాశం జిల్లా.
నవంబర్ 3, 2025.